“కీడును కలుగజేయువాడను”: యెషయా 45:7లో ఉన్నది పాపమా, ఆపదా?

పెదవాల్తేరు నుంచి, ప్రశ్న

అందరికీ నమస్కారం. భాష గురించే అడుగుతున్నాను, మతం గురించి కాదు. అయితే ఈ వచనం దగ్గర రెండూ విడివిడిగా ఉండేలా లేవు. పాత తెలుగు బైబిల్లో యెషయా 45:7 ఇలా ఉంది: “నేను వెలుగును సృజించువాడను, అంధకారమును కలుగజేయువాడను, సమాధానకర్తను, కీడును కలుగజేయువాడను.” అదే బైబిల్లో యాకోబు పత్రిక 1:13 “దేవుడు కీడువిషయమై శోధింపబడనేరడు” అంటుంది. ఒకచోట కీడు ఆయనే కలుగజేస్తాడు, ఇంకోచోట కీడు ఆయన దరికే రాదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లిన కొద్ది రోజులకు మా వీధి ప్రార్థనలో ఒక బోధకుడు మొదటి వచనం చదివి, ఈ ఊరి పాపానికి ఇదే ఫలితం అన్నారు. అప్పటికి మా ఇంటి మీద రేకులు లేవు, వీధికి కరెంటు రాలేదు. మా అమ్మమ్మ అక్కడ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక మాత్రం “కీడు వేరు, పాపం వేరు” అని ఒక్క ముక్క అంది. తెలుగు ప్రకారం ఆవిడ మాట నిలుస్తుందా? లేక అనువాదకులే తప్పు మాట వేశారా? వేస్తే, మిగతా పుస్తకాన్ని ఏ ధైర్యంతో నమ్మాలి?

వన్‌టౌన్ నుంచి, విశ్రాంత తెలుగు పండితులు

బాబూ, మీ అమ్మమ్మగారి మాట నిఘంటువులో రాసుకోదగినది. కీడు అంటే మనకు మొట్టమొదట హాని, అశుభం, ఆపద. “కీడెంచి మేలెంచమన్నారు” అనేటప్పుడు పాపాన్ని ఎంచమని ఎవరికీ తోచదు. “మనసు కీడు శంకిస్తోంది” అంటే ఏదో దుర్వార్త వస్తుందన్న భయమే. చేసేవాడు ఎదురుగా ఉన్నా ఈ మాట చూపంతా హాని పొందేవాడి మీదే ఉంటుంది. “చంపదగిన యట్టి శత్రువు తనచేత చిక్కెనేని కీడు సేయరాదు” అన్న వేమన, శత్రువుకు హాని తలపెట్టవద్దంటున్నాడు. పాపం చేసినవాడిని అంటుకుంటుంది, కీడు అనుభవించేవాడి మీద పడుతుంది. యోబు భార్యతో “మనము దేవునివలన మేలు అనుభవించుదుమా, కీడును మనము అనుభవింప తగదా” అన్నాడు. అక్కడ కీడు తీసి పాపం పెట్టి చదవండి, వాక్యానికి అర్థమే ఉండదు.

మూలంలో ఉన్న హీబ్రూ మాట “రా”. అది చాలా విశాలమైన మాట. దుర్మార్గానికీ అదే, యుద్ధానికీ కరవుకీ అదే, యిర్మీయా గ్రంథంలో తినడానికి పనికిరాని అంజూరపు పండ్లకూ అదే. ఆదికాండం రెండో అధ్యాయంలో అదే మాట వస్తే మనవాళ్లు “మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షము” అన్నారు. ఇక్కడికి వచ్చేసరికి కీడు అన్నారు. సందర్భం చూసి మాట మార్చారంటే చెయ్యి తిరిగినవాళ్ల పనే. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం ఇక్కడ “ఈవిల్” అని వేస్తే, తర్వాతి తరాల ఇంగ్లీషువారు దాన్ని డిజాస్టర్ అనీ కెలామిటీ అనీ మార్చుకోవలసి వచ్చింది. మన మాటకు ఆ అవస్థ లేదు.

వాక్యం నడకలో కూడా ఆధారం ఉంది. వెలుగుకు ఎదురు అంధకారం, సమాధానానికి ఎదురు కీడు. ఇక్కడి సమాధానం హీబ్రూ షాలోమ్, అంటే శాంతి, క్షేమం. (చర్చి గడప ఎరగనివారు సమాధానకర్త అంటే ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడనుకుంటారు. పరీక్షల రోజుల్లో ఆ బిరుదుకు మంచి గిరాకీ ఉండాలి.) క్షేమానికి ఎదురుగా నిలిచేది విపత్తు, పాపం కాదు. పైగా ఆ అధ్యాయం పారసీక రాజు కోరెషును ఉద్దేశించి సాగుతుంది. రాజ్యాలు లేవడం, కూలడం దాని విషయం.

ఇక యాకోబుతో పేచీ. అది తెలుగు తెచ్చిపెట్టినది కాదు. యెషయా ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ, యాకోబు రాసిన గ్రీకులోనూ ఉన్నది “కకోస్” అన్న ఒకే మాట రూపాలు. రెండో శతాబ్దంలో మార్కియన్ ఈ యెషయా వచనాన్నే పట్టుకుని, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని వాదించాడు. అతనికి జవాబు రాస్తూ తెర్తుల్లియన్, అపరాధమైన కీడు వేరు, శిక్షగా వచ్చే కీడు వేరు, దేవుడు తనదని చెప్పుకున్నది రెండోదే అని లాటిన్‌లో గీత గీశాడు. మనకు ఆ గీత భాషలోనే ఉంది. అందుకే నాకున్న ఫిర్యాదు యెషయా అనువాదం మీద కాదు, యాకోబు అనువాదం మీద. అక్కడ “చెడు” అని ఉంటే మీకు ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

గాజువాక నుంచి

మాస్టారూ, మాట తేలింది, చిక్కు తేలలేదు. ఆపద అనే అనుకుందాం. కలుగజేసేది ఆయనే అని వచనం అంటోంది కదా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నప్పుడు నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్డు మీదే కుప్పకూలారు. అందులో మనుషుల తప్పు ఉంది, అడగడానికి ఎవరో ఒకరు ఉన్నారు. హుద్‌హుద్‌కు ముద్దాయి కూడా లేడు. దేవుడు సర్వశక్తిమంతుడు, సంపూర్ణంగా మంచివాడు, అయినా లోకంలో కీడు ఉంది. ఈ మూడూ ఒకచోట ఇమడవని 1955లో మ్యాకీ అనే తత్వవేత్త రాశాడు. మనుషులకు స్వేచ్ఛ ఇచ్చాడంటారా, ఎప్పుడూ మంచినే ఎంచుకునే స్వేచ్ఛాజీవులను ఎందుకు చేయలేదు అన్నాడు. నాకు ఇంతవరకు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు.

వన్‌టౌన్ నుంచి, విశ్రాంత తెలుగు పండితులు

మీరడిగినదానికి వ్యాకరణం జవాబు చెప్పలేదు, కానీ చిక్కుముడి ఎక్కడ పడిందో చూపించగలదు. చేయు, చేయించు, చేయనిచ్చు. క్రైస్తవులు పదహారు వందల ఏళ్లకు పైగా వాదించుకుంటున్నది ఈ మూడు క్రియల మధ్యనే. దేవుని సార్వభౌమత్వం తగ్గకూడదనుకునే కాల్విన్ వర్గం చేయించు వైపు మొగ్గుతుంది. మనిషి బాధ్యత తగ్గకూడదనుకునే అర్మీనియస్ వర్గం చేయనిచ్చు వైపు నిలబడుతుంది.

నిర్గమకాండంలో ఫరో సంగతి చూడండి. 7:13లో ఫరో హృదయం “కఠినమాయెను”. 8:15లో అతడు తన హృదయాన్ని “కఠినపరచుకొని” మాట వినలేదు. 9:12లో యెహోవా ఫరో హృదయాన్ని “కఠినపరచెను”. దానంతటది అయింది, తానే చేసుకున్నాడు, దేవుడు చేశాడు. హీబ్రూలోనూ ఈ మూడు తీరులూ ఉన్నాయి, కానీ మన “కొను” చేసినంత స్పష్టంగా రెండోది అక్కడ వినబడదు. తెలుగులో “కొను” చేరితే ఫలితం కర్తకే చుట్టుకుంటుంది. కోరి తెచ్చుకున్నాడు, చేజేతులా చేసుకున్నాడు అంటాం చూడండి, అదే. కథ చెప్పినవాడు మూడింటిలో ఏదీ చెరిపేయలేదు. వరుస కూడా గమనించండి: “కఠినపరచుకొని” ముందు, “యెహోవా కఠినపరచెను” తర్వాత. అయితే దేవుడు అలా చేస్తానని 4:21లోనే ముందుగా చెప్పాడని కాల్విన్ వర్గం గుర్తుచేస్తుంది, అదీ నిజమే.

మ్యాకీకి ప్లాంటింగా అనే మరో తత్వవేత్త 1974లో ఇచ్చిన జవాబు స్థూలంగా ఇది: ఎప్పుడూ మంచినే ఎంచుకునేలా చేయిస్తే అది ఎంపిక కాదు. ఎంపికను నిజంగా వదిలిపెట్టాక ఫలితం దేవుని చేతిలో మాత్రమే ఉండదు. తర్కంలో మూడూ ఇమడవన్న మ్యాకీ వాదనకు ఇది గట్టి దెబ్బే. కానీ ఆయన దీన్ని సమర్థన అన్నాడు గాని వివరణ అనలేదు. తుపానుల వంటివాటికి మానవేతర ఆత్మల స్వేచ్ఛ కారణం కావచ్చు అన్నాడు. తర్కానికి ఆ “కావచ్చు” సరిపోతుంది, రేకులు ఎగిరిపోయిన ఇంటికి సరిపోదు.

ఆగస్టీన్ మాట నాకు ఇంతకంటే ఇష్టం, అదీ తెలుగు వల్లనే. చెడు అనేది ఒక పదార్థం కాదు, మంచికి వచ్చిన లోటు అన్నాడాయన. మనకు “చెడు” అసలు క్రియ. పాలు చెడాలంటే ముందు పాలంటూ ఉండాలి. చెడు విడిగా ఒక గిన్నెలో దొరకదు. ఆ లెక్కన దేవుడు చెడును సృజించాడనడం తెలుగులో వాక్యంగానే కుదరదు.

ఇక్కడ మాత్రం ఒక హెచ్చరిక. యెషయా 45:7ను “కీడును కలుగనిచ్చువాడను” అన్నట్టు బోధించేవారున్నారు. అది మంచి మనసుతో చేసే తప్పు. హీబ్రూలో చీకటికీ కీడుకూ వాడిన క్రియ “బారా”, ఆదికాండం మొదటి వాక్యంలో “సృజించెను” అని మనం చదివేది ఆ క్రియనే. మన అనువాదం ఈ వచనంలో సృజించడాన్ని వెలుగుకు ఇచ్చి, చీకటికీ కీడుకూ “కలుగజేయు” అని సరిపెట్టింది. అంటే మూలం మనం చదివేదానికంటే ఇంకా పదునుగా ఉంది. దాన్ని మరింత మెత్తబరచడం ఎవరికీ మేలు కాదు.

భీమిలి నుంచి, పాస్టరమ్మ

మాస్టారు గారూ, వందనాలు. ఆ బోధకుడి మాట గురించి ఎవరూ అడగలేదు, నేను చెబుతాను. ఆయన యెషయా చదివి లూకా 13 చదవలేదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదు అని తానే చెప్పారు. కూలిన కట్టడం చూసి చనిపోయినవాళ్ల పాపాలు లెక్కపెట్టే పనిని ఆయన అక్కడే ఆపేశారు. యోబు స్నేహితులు చేసినది ఆ లెక్కే, చివరికి దేవుడు కోప్పడిందీ వాళ్ల మీదే.

గాజువాక తమ్ముడికి నా దగ్గర తర్కం లేదు. యోసేపు అన్నలతో అన్న మాట ఉంది: “మీరు నాకు కీడుచేయ నుద్దేశించితిరి గాని... అది మేలుకే దేవుడు ఉద్దేశించెను.” రెండు వైపులా ఒకే క్రియ, హీబ్రూలో కూడా. అన్నలు అమ్మింది నిజం, నేరం వాళ్లది. దేవుడు చేయించాడని యోసేపు అనలేదు, చూస్తూ ఊరుకున్నాడనీ అనలేదు. అయితే ఈ మాట చెప్పే హక్కు గుంటలో పడినవాడికే ఉంది. అమ్మినవాళ్లు చెబితే అది దబాయింపు. ఒడ్డున కూర్చున్న మాబోటి వాళ్లం వేరేవాళ్ల ఇంట్లో శవం లేవకముందే ఈ వచనం చదవకూడదని నా అభిప్రాయం. చదవడం చాలాసార్లు చూశాను.

మధురవాడ నుంచి

నమ్మకం సంగతి మిగిలిపోయింది. ఈ వచనంలోనే దానికి చక్కటి పరీక్ష ఉంది. 1947లో మృత సముద్రం దగ్గరి గుహలో దొరికిన యెషయా రాతప్రతి చుట్ట క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దిదని అంచనా. అనువాదాలకు ఆధారంగా వాడే సంపూర్ణ హీబ్రూ ప్రతి, లెనిన్‌గ్రాడ్ ప్రతి, క్రీ.శ. 1008 ప్రాంతానిది. మధ్యలో వెయ్యేళ్లకు పైగా దూరం. ఆ చుట్టలో 45:7 దాదాపు ఇలాగే ఉంది, ఒక్క మాట తప్ప. షాలోమ్ ఉన్నచోట “తోవ్”, అంటే మేలు, అని ఉంది. “మేలు చేయువాడను, కీడును కలుగజేయువాడను” అన్నమాట.

ఇది అక్షరదోషం కాదు, అర్థం కాస్త కదులుతుంది. మాస్టారు గారు కీడుకు ఎదురుగా క్షేమం ఉందన్న ఆధారం చూపారు కదా, ఈ పాఠంలో ఆ ఆధారం కొంచెం సడలుతుంది. మేలు–కీడు జంట నీతికీ వర్తిస్తుంది, అదృష్టానికీ వర్తిస్తుంది. అయితే యోబు పలికిన జంట కూడా ఇదే, అక్కడ అర్థం ఆపదే కాబట్టి వాదన కూలిపోదు. ఒక్క అక్షరం కూడా మారలేదని చెప్పే బోధకులూ, అంతా మార్చేశారని చెప్పే విమర్శకులూ ఈ చుట్ట ముందు కాసేపు నిలబడితే బాగుంటుంది. మారినవి ఉన్నాయి, ఎక్కడ మారాయో కనబడుతున్నాయి. వేమన పద్యాలను రాతప్రతుల నుంచి పోల్చి చూసి 1829లో బ్రౌన్ ప్రచురించినప్పుడు చేసిన పని ఈ జాతిదే. పాఠభేదాలు ఉన్నాయని వేమనను ఎవరూ అబద్ధం అనలేదు.

మన ఊరి సంగతి కూడా ఒకటి. తెలుగు సువార్తల అనువాదం గట్టిగా మొదలైనది విశాఖపట్నంలోనే. లండన్ మిషనరీ సొసైటీ నుంచి 1805లో వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డేగ్రాంజెస్ ఇద్దరూ ఇక్కడ పనిచేస్తూ 1809, 1810లో చనిపోయారు. ఆనందరాయరు అనే తెలుగు పండితుడి తోడ్పాటుతో డేగ్రాంజెస్ చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మిషనరీ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన ఆ తర్వాత మద్రాసులో అచ్చయింది. అప్పటి నుంచి ఎన్నో చేతులు సవరించాయి. అనువాదకుడు అని ఏకవచనంలో ఎవరినీ నిలదీయలేం.

గాజువాక నుంచి

మధురవాడ వారి పద్ధతి నాకు నచ్చింది. కానీ పాఠం నమ్మదగినది అయినంత మాత్రాన పాఠం చెప్పేది నిజం అయిపోదు. మొదటిదానికి చుట్టలు చాలు, రెండోదానికి చాలవు. పాస్టరమ్మ గారూ, యోసేపు మాట ఎవరు చెప్పాలో మీరు అన్నది మాత్రం ఒప్పుకుంటున్నాను.

పెదవాల్తేరు నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి. ప్రభువు ప్రార్థనలో మేము “దుష్టునినుండి మమ్మును తప్పించుము” అంటాం, కతోలిక స్నేహితులు “కీడు” అంటారు. ఇక్కడ కూడా ఇదే పేచీనా?

వన్‌టౌన్ నుంచి, విశ్రాంత తెలుగు పండితులు

కాదు, ఇది లింగం పేచీ. గ్రీకులో “పొనేరూ” అన్న రూపం పుంలింగానికీ నపుంసకానికీ ఒకటే. పుంలింగం అనుకుంటే దుష్టుడు, నపుంసకం అనుకుంటే చెడు. రెండు చర్చిలూ వ్యాకరణం ప్రకారం సరైనవే. కతోలికుల చోట కూడా నేనైతే “చెడు” అనే వేసేవాణ్ణి. ఆపద రాకుండా చూడమని అడగడం ఆ వాక్యం ఉద్దేశమని నాకు అనిపించదు, ముందున్నది శోధన కదా. మత్తయి పాఠభేదాల సంగతి మధురవాడ వారు చూసి చెబితే మేలు.