సమస్య: ఏడు గుణియింప నంకెలే యెగిరిపోయె

కడప అయ్యవారు: ఈసారి తేటగీతి పద్యం నాలుగో పాదం ఇస్తున్నా, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. హెచ్చిస్తే సంఖ్య పెరగాలి గానీ అంకెలు ఎగిరిపోవడమేంటని అడుగుతారేమో, నా మనసులో ఉన్నది 1,42,857. రెండుతో హెచ్చిస్తే 2,85,714, మూడుతో 4,28,571, ఇట్లా ఆరు దాకా అవే అంకెలు అదే వరుసలో తిరుగుతాయి, మొదలు మాత్రం మారుతుంది. ఏడుతో 9,99,999.

ఆదోని: విభక్తి ఏది సార్, ఏడు చేత అనాలి కదా?

కడప అయ్యవారు: ఏడే కర్త. ఏడు తానే వచ్చి హెచ్చిస్తే అని.

ఆదోని: సరే సార్. నాకు రెండో పాదం దగ్గరే ఆగిపోయింది. "ఒకటి నాల్గు రెం డెనిమిది యైదు నేడు". గణాలు సరిపోయాయి గానీ యతి పడలేదు, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి కుదరలేదు.

కడప అయ్యవారు: అవును, ఒ-ఐలకు మైత్రి లేదు, వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. అయినా ఒకటితోనే మొదలుపెట్టాలా?

ఆదోని: దొరికింది సార్! మా పాప పరీక్ష అట్ట వెనక ఆరంకెలు గుండ్రంగా రాసుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి అక్కడి నుంచి చదువుతూ పోయినా. ఏడు దగ్గర యతి పడింది, చూస్తే అది ఐదుతో హెచ్చించిన లబ్ధమే, 7,14,285.

ఐదు గుణియింప వలయమై యాడె నిట్లు
ఏడు నొకటియు నాల్గు రెం డెనిమి దైదు
ఆరు దాకను నదెయాట యగుచు నుండ
ఏడు గుణియింప నంకెలే యెగిరిపోయె

కడప అయ్యవారు: చాలా సంతోషం. రెండెనిమిది సంధిలోని ఎకారం ఏడుకు యతి. సంఖ్య తిరిగే గుణమే పద్యాన్ని నిలబెట్టింది. "గుణియింప" రెండుసార్లు వచ్చినా దోషమనను, ఐదుకు ఆడినవి ఏడుకు ఎగిరిపోయాయి, ఆ పోలిక కావాలి.

తాడిపత్రి: 142, 857 కూడితే 999. దాని మీద నాది.

సగము చేసి కూడిన మూడు సరసమైన
తొమ్మిదులు వచ్చె, మొత్తము తుదకు గొనుచు
ఆరు తొమ్మిదు లేర్పడ నద్భుతముగ
ఏడు గుణియింప నంకెలే యెగిరిపోయె

కడప అయ్యవారు: ఊహ కొత్తగా ఉందమ్మా. "సరసమైన" మాత్రం యతి కోసం తెచ్చిందే. "సగము చేసి కూడిన వేళ సరిగ మూడు" అంటే ఆ బరువు పోతుంది. "అద్భుతముగ" కూడా అట్లాంటిదే, ఆరు తొమ్మిదులు కనిపిస్తే చదివేవాళ్ళే అద్భుతం అంటారు.

తాడిపత్రి: మారుస్తా సార్. మొదటి పాదం మీరన్నదే ఉంచుకుంటా.

ప్రొద్దుటూరు: ఎందుకిట్లా అవుతుందో కూడా చెప్పుకోవాలన్నా. ఒకటిని ఏడుతో భాగించండి, శేషాలు 1, 3, 2, 6, 4, 5 వచ్చి మళ్ళీ 1. ఒక్కటీ తప్పిపోకుండా ఆరూ వస్తాయి, అందుకే దశాంశంలో 0.142857 తిరిగి తిరిగి వస్తుంది. రెండును ఏడుతో భాగించడమంటే శేషం 2 దగ్గర ఆ చక్రం ఎక్కడమే, కాబట్టి 285714. ఇంకో ముచ్చట, దీని వర్గం 20408122449. దాన్ని విడగొట్టి 20408, 122449 కూడితే మళ్ళీ 142857. ఇట్లాంటివాటిని కనిపెట్టిన కాప్రేకర్ పేరు మీద కాప్రేకర్ సంఖ్యలంటారు, ఆయన మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా ఉండేవారు.

ఆదోని: ఎనిమిదితో చేసి చూసినా సార్, 11,42,856. ముందున్న ఒకటిని తీసి చివరి ఆరుకు కలిపితే 1,42,857!

కడప అయ్యవారు: అయితే వచ్చే వారానికి ఇదే తీసుకోండి, తేటగీతే: "ఎగిరిపోయిన యంకెలే యిల్లు జేరె".