బాటిల్ బ్రష్‌ని బోన్సాయ్ చేస్తున్నాను, నవంబరులో కుండీ మార్చొచ్చా?

భవానీపురం డాబా (విజయవాడ)

అందరికీ నమస్కారం. కడియం నర్సరీ నుంచి తెప్పించుకున్న బాటిల్ బ్రష్ ఒకటి మా డాబా మీద నల్ల ప్లాస్టిక్ తొట్టిలో పెరుగుతోంది. అయిదడుగుల ఎత్తు, మొదట్లో కాండం రెండంగుళాల లావు, బెరడు అప్పుడే పగుళ్లు తేలి ముసలి చెట్టు కళ వచ్చింది. ఆ కాండం చూసే దీన్ని బోన్సాయ్ చేయాలన్న ఆశ పుట్టింది. ఫైకస్, బోగన్‌విల్లా చేసిన అనుభవం కొంత ఉంది గానీ దీని తీరు వేరుగా ఉంది. ఆకులన్నీ కొమ్మల చివర్లలోనే, మధ్యంతా బోసి. వేసవిలో బాగా పూసింది, వానలకి మళ్లీ కాసిని పూలు వచ్చి మొన్ననే వాడిపోయాయి.

ఆకుల్లేని చోట కోస్తే చిగురు వస్తుందా, కొమ్మే ఎండిపోతుందా? రెండో డౌటు కుండీ మార్పు గురించి. ఆస్ట్రేలియా వాళ్లు రాసినవి చదివితే నవంబరు, డిసెంబరు అంటున్నారు. జపాన్ పద్ధతి చెప్పేవాళ్లేమో చలికాలం చివర్లో, చిగురు విచ్చకముందే అంటారు. రెండూ చూశాక ఈ నవంబరులో మార్చేయడమే మంచిదేమో అనిపించి వచ్చే ఆదివారం పెట్టుకున్నాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కొరిటెపాడు మొక్కలు (గుంటూరు)

ఆదివారం ఆ పని పెట్టుకోకండి, దయచేసి. ఆస్ట్రేలియా భూమికి దక్షిణం వైపు ఉంది కదండీ, వాళ్ల నవంబరంటే చలి పూర్తిగా పోయి ఎండలు ముదురుతున్న రోజులు, మనకి ఏప్రిల్, మే లాగా. అదే నెల మనకి చలిలోకి వెళ్లే నెల. నెల పేరు పట్టుకుని చేస్తే సరిగ్గా తలకిందులు అవుతుంది. వాళ్లు చెప్పేదాంట్లో మనం తీసుకోవాల్సింది ఒక్కటే, వాతావరణం వెచ్చగా ఉండి చెట్టు జోరుగా చిగురు వేస్తున్నప్పుడే దీని వేళ్ల జోలికి వెళ్లాలి. జపాన్ లెక్క మేపుల్ లాంటి వాటికి, అవి ఆకు రాల్చి నిద్రపోయి లేస్తాయి. బాటిల్ బ్రష్ నిద్రపోయే చెట్టు కాదు, ఏడాదంతా ఆకుతోనే ఉంటుంది. చల్లటి రోజుల్లో వేళ్లు కోస్తే కొత్త వేరు నిదానంగా వస్తుంది, ఈలోపు కోసిన చోటు తడి మట్టిలో కుళ్లుతుంది. మన చలి పెద్ద చలేం కాదు, కచ్చితంగా చస్తుందని అనను. కానీ మంచి కాలం ఉండగా ఆ రిస్క్ ఎందుకు?

అలాగని లెక్క తిప్పేసి మే నెలలో కూడా చేయకండి. రోహిణి కార్తెలో బెజవాడ డాబా మీద లోతు లేని బోన్సాయ్ కుండీలో మట్టి ఎంత కాలుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, వేళ్లు కోసిన చెట్టు ఆ వేడికి తట్టుకోదు. ఆరుద్ర కార్తె వచ్చి, నాలుగు వానలు పడి, గాలిలో తేమ నిలిచాక, అంటే జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా మనకి అసలైన టైము. వెచ్చదనం, తేమ రెండూ అప్పుడే కలిసొస్తాయి.

ఇక కత్తిరింపు. వాడిన పువ్వు ఒకదాన్ని దగ్గరగా చూడండి. ఎర్రగా కనిపించేవి రేకులు కావు, కేసరాలు. అవి రాలిపోయాక పుల్ల చుట్టూ గుండ్రటి గట్టి కాయలు ఒత్తుగా అంటుకుని మిగులుతాయి, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. ఆ కాయల గుత్తిని దాటి అదే కొమ్మ ముందుకి సాగి మళ్లీ ఆకులు వేస్తుంది. ఏడాదికేడాది ఇలా చివరికే జరుగుతూ పోతుంది కాబట్టే మీ చెట్టు మధ్యలో బోసిపోయింది. అందుకే పూత అవ్వగానే, కాయలు గట్టిపడకముందే, గుత్తికి కొంచెం వెనక, రెండు మూడు ఆకులు ఉన్న చోట కోసేయాలి. అప్పుడు వెనకనుంచి రెండు మూడు చిగుళ్లు లేస్తాయి, అవే మీకు కావలసిన గుబురు. ఆలస్యం చేసి కోస్తే మాత్రం వచ్చే పూత పోతుంది, ఎందుకంటే పువ్వు వచ్చేది ఆ కొత్త కొమ్మ చివర్లలోనే.

ముదురు కొమ్మ మీద, ఆకు లేని చోట కోసినా ఆరోగ్యంగా ఉన్న చెట్టు చిగురిస్తుంది, భయపడకండి. నా దగ్గర ఉన్నదాన్ని మొదలు దాకా నరికినా బెరడు పగుళ్లలోంచి ఎర్రటి మొగ్గలు తోసుకొచ్చాయి. కానీ అంత గట్టి కోత ఇప్పుడు వద్దు. ఈ నెల వాడిన పూలు మాత్రం తీసి, శివరాత్రి వెళ్లాక చెట్టు చిగురు మీదకి వచ్చినప్పుడు కొమ్మల్ని బాగా తగ్గించండి. వేసవంతా అదే తొట్టిలో చిగుళ్లు పెంచుకుని, వానల్లో వేళ్లు చూడండి. ఈ రెండేళ్లు పూల మీద ఆశ పెట్టుకోకండి, ముందు కొమ్మలు తయారవ్వాలి.

వేరుమూలం (మంగళగిరి)

పైన చెప్పినదాంట్లో కాలం విషయం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కొమ్మలు ఒకసారి, వేళ్లు ఒకసారి అన్న చోటే నా పద్ధతి వేరు. నేను రెండూ ఒకే రోజు చేస్తాను, వానాకాలంలో. వేళ్లు సగం తీసినప్పుడు పైన ఆకు కూడా తగ్గితే నీటి లాగుడు సమానంగా ఉంటుందని నా నమ్మకం. కాకపోతే ప్రతి కొమ్మ చివరా కొంత పచ్చదనం ఉంచుతాను, పూర్తిగా గుండు చేయను. మీ చెట్టు మొదటిసారి కుండీలోకి వెళ్తోంది కాబట్టి కొరిటెపాడు వారు చెప్పిన దారే భద్రం అనుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది లోపలి మట్టి ముద్ద దగ్గర. నర్సరీ మొక్కల్ని ఎర్రమట్టి ఉండలో పెంచుతారు. తొట్టిలోంచి తీయగానే బయట వేళ్లు చక్కగా కనిపిస్తాయి, మధ్యలో ఆ ఉండ మాత్రం రాయిలా బిగుసుకుని ఉంటుంది, దాంట్లోకి నీళ్లు దిగవు. పైపైన పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోయి కింద కన్నంలోంచి వచ్చేస్తుంటే మనమేమో తడిసిందనుకుంటాం. వెదురు పుల్లతో మెల్లగా గీకుతూ, నీళ్ల పైపు పెట్టి కడుగుతూ ఆ మట్టి తీయాలి. మొత్తం ఒకేసారి తీయొద్దు. ఈసారి ఒక పక్క సగం, ఏడాది రెండేళ్ల తర్వాత కుండీ మార్చేటప్పుడు మిగతా సగం. కిందకి దిగిన లావు వేళ్లని పొట్టి చేయండి, చుట్టూ పరుచుకున్న సన్న వేళ్లని వదిలేయండి. కోసినంతసేపు వేళ్ల మీద తడిగుడ్డ కప్పి ఉంచండి, గాలికి ఆరనివ్వకండి.

మిశ్రమానికి నేను వాడేది జల్లించిన ఇటుక ముక్కలు సగం, కృష్ణ ఇసుకలో గరుకుది పావు, బాగా చివికిన ఆకు ఎరువు పావు. ఇటుక ముక్క కందిగింజ సైజు నుంచి శనగగింజ సైజు దాకా ఉండాలి, పొడిని పారేయండి. నల్లరేగడి ఒక్క పిడికెడు కూడా కలపొద్దు. మార్చాక చెట్టు కదలకుండా తీగతో కుండీకి కట్టి, రెండు మూడు వారాలు గ్రీన్ నెట్ కింద పెట్టి, కొత్త చిగురు కనబడ్డాక ఎండలోకి జరపండి.

ఒకమాట, వైరింగ్ (తీగ చుట్టి కొమ్మని కావలసిన వైపు వంచడం) గురించి అడగలేదు గానీ చెప్తున్నా. ముదురు కొమ్మ వంగదు, పుటుక్కున విరుగుతుంది. లేత కొమ్మ పచ్చదనం పోయి గోధుమ రంగుకి తిరుగుతున్నప్పుడే అల్యూమినియం తీగ చుట్టాలి. వానాకాలంలో కొమ్మ లావెక్కడం తెలియకుండానే తీగ బెరడులోకి దిగిపోతుంది, అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి.

భవానీపురం డాబా

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ చాలా థాంక్సండీ, ఆదివారం ప్రోగ్రాం రద్దు. ఇంకోటి అడగాలి. కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కింది ముదురాకులు బాగానే ఉన్నాయి. నీళ్లు బోరువి. యూరియా కొంచెం వేస్తే సరిపోతుందా? మా వీధిలో ఇల్లు పడగొట్టిన చోట ఇటుకలు బోలెడు ఉన్నాయి, మిశ్రమానికి అవి తెచ్చుకోవచ్చా?

రైతుబిడ్డ (తెనాలి)

యూరియా వద్దు సోదరా. నత్రజని లోపమైతే ముందు కింది ఆకులు పసుపెక్కుతాయి. లేతాకు పసుపు, ఈనె పచ్చ అంటే అది ఇనుప ధాతు లోపం. వేరుశనగలో, చెరకులో మేం చూసేది ఇదే. మట్టిలో ఇనుము ఉన్నా, బోరు నీళ్లలో సున్నం ఎక్కువై మట్టి చవుడు వైపు తిరిగితే వేరు దాన్ని తీసుకోలేదు. లీటరు నీళ్లలో అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం ఆగి మళ్లీ ఒకసారి. ఇది పొలానికి వాడే మోతాదు, కుండీ మొక్కకి ముందు సగం మోతాదుతో ఒక కొమ్మ మీద కొట్టి చూసుకోండి. అయితే ఇది తాత్కాలికమే, నీళ్లు మారితేనే రోగం కుదురుతుంది. మున్సిపాలిటీ కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్లే కదా, బోరు మానేసి అవి పట్టి పోయండి, వానాకాలంలో డాబా నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది.

పడగొట్టిన ఇటుకలు అస్సలు వద్దు. వాటికి సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి, ఆ సున్నం నీళ్లలో దిగి మీ పసుపు రోగం ఇంకా ముదురుతుంది. బట్టీ నుంచి కొత్త ఇటుకలు నాలుగు తెచ్చుకుని పగలగొట్టుకోండి. ఎముకల పొడి, డీఏపీ కూడా దూరం పెట్టండి. డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది చూడండి, ఆ 46 భాస్వరం. ఆస్ట్రేలియా చెట్లు చాలావరకు భాస్వరం తక్కువ ఉన్న నేలల్లో పుట్టినవి. సిల్వర్ ఓక్ కుటుంబం వాటంత సున్నితం కాదు గానీ బాటిల్ బ్రష్‌కి కూడా అంత ఎరువు అక్కర్లేదు. వేపపిండి, వర్మీకంపోస్టు పలచగా వేస్తే చాలు.

కొరిటెపాడు మొక్కలు (గుంటూరు)

రైతుబిడ్డ గారి మాటకి నాది ఒక చేర్పు. ఇది స్వతహాగా వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, ముఖ్యంగా కొమ్మలు కిందకి వాలే రకం. తూర్పు ఆస్ట్రేలియాలో నీటి పక్కనే ఉంటుంది. అందుకే నీళ్లకి కరువు రానివ్వకండి, లేత చిగురు తల వాల్చిందంటే అప్పటికే ఆలస్యమైందని గుర్తు. మార్చి నుంచి జూన్ దాకా బోన్సాయ్ కుండీని ఒక వెడల్పాటి ట్రేలో అంగుళం లోతు నీళ్లలో కూర్చోబెట్టొచ్చు, ఫైకస్‌కి చేయడానికి భయపడే పని దీనికి నిశ్చింతగా చేయొచ్చు. వానాకాలం మొదలవ్వగానే ట్రే తీసేయండి. ట్రేలో ఉత్త నీళ్లు పెడితే దోమలు గుడ్లు పెడతాయి, గరుకు ఇసుక నింపి దాన్ని తడిగా ఉంచండి, కుండీని దాని మీద పెట్టండి.