పదిహేను, పదహారేళ్ల పిల్లలకు మానసిక చికిత్స కోసం పడకలు: ప్రత్యేక ఆసుపత్రి అడగాలా, ఉన్నచోటే అడగాలా?

ప్రశ్న | ఒంగోలు అధ్యాపకుడు

నేను ప్రకాశం జిల్లాలో ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా విద్యార్థి ఒకడు నిద్రాహారాలు మాని, తనను ఎవరో వెంటాడుతున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు మొదట దర్గాకు, తర్వాత ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అబ్బాయిని చేర్చుకుని చూడవలసిన పరిస్థితేనని అక్కడి మానసిక వైద్యుడు ఒప్పుకున్నారు. అయితే ఆ వార్డులో ఉన్నవారంతా పెద్దవాళ్లేననీ, వారిలో చాలామంది మద్యం మానడానికి చేరినవారనీ, పదహారేళ్ల పిల్లవాణ్ణి వారి మధ్య ఉంచడానికి చట్టం ఒప్పుకోదనీ చెప్పి, విశాఖపట్నానికి గానీ బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌కు గానీ వెళ్లమన్నారు. పొగాకు బ్యారన్లలో కూలికి పోయే ఆ దంపతులు అంత దూరం వెళ్లలేక మందులు తీసుకుని ఇంటికి వచ్చేశారు.

మా అధ్యాపకుల సంఘం తరఫున జిల్లా కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. కౌమార వయసు వారికి జిల్లాకొక ప్రత్యేక మానసిక వైద్యశాల కావాలని అడగడం మంచిదా, ఉన్న ఆసుపత్రుల్లోనే కొన్ని పడకలు కేటాయించమని అడగడం మంచిదా? అసలు చట్టం నిజంగానే అడ్డు వస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు | వైద్య కళాశాల ఉద్యోగి, తెలంగాణ

నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. ఆ వైద్యుణ్ణి నేను తప్పుపట్టను గానీ, ఆయన చెప్పింది సగమే నిజం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని చేర్చుకోవద్దని ఎక్కడా చెప్పలేదు. ఎలా చేర్చుకోవాలో 87వ సెక్షన్‌లో వివరంగా చెప్పింది. పిల్లల తరఫున సంరక్షకులు దరఖాస్తు చేయాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, ఆసుపత్రిలో చేరకుండా చికిత్స సాధ్యం కాదని ఎవరికి వారు నిర్ధారించాలి. వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి, రెండోవారు మామూలు వైద్యులైనా ఫరవాలేదు. పిల్లలను పెద్దలతో కలపకుండా వయసుకు తగిన చోట ఉంచాలి. సంరక్షకులు గానీ వారు నియమించిన మనిషి గానీ చేరిన నాటి నుంచి డిశ్చార్జి దాకా వెంటే ఉండాలి. చేర్చుకున్న సంగతి 72 గంటల్లో, ఇలాంటి చేరికలను సమీక్షించే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలపాలి, 30 రోజులు దాటితే బోర్డు తప్పనిసరిగా సమీక్షించాలి.

వేరే గది, వెంట ఉండే మనిషి. ఈ రెండు షరతుల దగ్గరే మా ఆసుపత్రులు చేతులెత్తేస్తున్నాయి. గది సంగతి ముందు చెబుతాను. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలన్నది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. ఆ పదిలో రెండో మూడో పడకలను గోడ కట్టి, విడిగా స్నానాలగది ఇచ్చి, తలుపు నర్సు బల్లకు ఎదురుగా ఉండేలా మారిస్తే చట్టం అడిగినది తీరుతుంది. దీనికి కావలసింది కోట్ల రూపాయలు కాదు, సూపరింటెండెంటు సంతకం, రాత్రి డ్యూటీకి మరో ఇద్దరు నర్సులు.

ప్రత్యేక ఆసుపత్రి ఎందుకు వద్దంటానంటే, మీ విద్యార్థి ఉదాహరణే తీసుకోండి. ఆ వయసులో తొలిసారి అలాంటి లక్షణాలు కనిపించినప్పుడు అది స్కిజోఫ్రీనియా అని వెంటనే ముద్ర వేయకూడదు. మెదడువాపు, మూర్ఛ, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి, థైరాయిడ్ లోపం, గంజాయి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నడుము నుంచి నీరు తీసి పరీక్షించడం, ఈఈజీ, ఎమ్మారై, కంటి వైద్యుడి పరీక్ష, ఇవన్నీ ఒకే ప్రాంగణంలో దొరికేది పెద్ద జనరల్ ఆసుపత్రిలోనే. ఊరికి దూరంగా, ఎత్తయిన ప్రహరీ వెనక కట్టే వైద్యశాలలో ఇవేవీ ఉండవు సరికదా, ఆ గేటు దాటిన అమ్మాయికి రేపు సంబంధం రాదేమోనన్న భయం తల్లిదండ్రులను ముందే ఆపేస్తుంది.

మీ వినతిపత్రంలో తప్పక ఉండవలసిన విషయం మరొకటి ఉంది. మన పల్లెల్లో మానసికంగా కుంగిపోయిన పిల్లలు చాలామంది ఇప్పటికే ఆసుపత్రి పడక మీదికి వస్తున్నారు, అయితే సైకియాట్రీ వార్డుకు కాదు, పురుగుల మందు తాగి ఎమర్జెన్సీకి వస్తున్నారు. కడుపు కడుగుతారు, విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, అవసరమైతే వెంటిలేటరు పెడతారు. ప్రాణం నిలబడగానే, మెడికల్ వార్డులో పడకలు చాలవు కాబట్టి, ఇంటికి పంపేస్తారు. డిశ్చార్జి కాగితం మీద విషం తాగిన కేసు అని ఉంటుంది, సైకియాట్రీ అభిప్రాయం రాయవలసిన గడి ఖాళీగా ఉంటుంది. ఆ పిల్లవాడు అదే ఇంటికి, అదే మందు డబ్బా ఉన్న కొట్టం దగ్గరికి తిరిగి వెళతాడు. మానసిక వైద్యుడు చూసి రాయనిదే ఏ పిల్లవాణ్ణీ డిశ్చార్జి చేయకూడదన్న ఒక్క ఆదేశం వస్తే, కొత్త పడక ఒక్కటీ వేయకముందే ఎంతోమందికి చికిత్స మొదలవుతుంది. ఇక్కడ కేసు భయం కూడా పని చేస్తుంది. పోలీసులు వస్తారని తల్లిదండ్రులు పొరపాటున తాగాడని చెబుతారు. ఇదే చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట ఎమర్జెన్సీ గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఉండాలి.

అన్నట్టు, 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు లెక్కగట్టింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. కాబట్టి మీ జిల్లాకు ఎన్ని పడకలు చాలునని అధికారులు అడిగితే, పై నుంచి లెక్క రాదు. ఎమర్జెన్సీ రిజిస్టరులో పద్దెనిమిదేళ్లలోపు వారి పేర్ల ముందు ఏం రాసి ఉందో లెక్కపెట్టించమని అడగండి.

జవాబు | పాలమూరు అమ్మ

డాక్టరు గారు గదుల గురించి చెప్పారు, వెంట ఉండే మనిషి గురించి నేను చెబుతాను. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా తీవ్రమైన డిప్రెషన్‌తో చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆసుపత్రి పేరు చెప్పను. చేరిన రోజు నర్సమ్మ మా అమ్మాయి చున్నీ, పైజమా నాడాతో పాటు, నా పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసులను కూడా తీయించి కవరులో వేసి సీలు వేసింది. నాకు అవమానంగా అనిపించింది. కానీ ఆ రాత్రి, కొన్ని నెలల తర్వాత మొదటిసారి, నేను కళ్లు మూసుకుని పడుకోగలిగాను.

అయితే అలా వెంట ఉండడం ఎంత ఖరీదో లెక్కలో చూపించండి. అమ్మాయి అయితే, దరఖాస్తు చేసిన సంరక్షకుడు మగవాడైనప్పుడు ఆడమనిషి తోడు తప్పనిసరి. మా ఇంట్లో సంపాదన నాది. నేను వార్డులో ఉంటే కూలి పోయింది, చిన్నవాడి బడి పోయింది, మా అత్తమ్మకు రెండు పూటలా వండిపెట్టేవారు లేకపోయారు. పక్క పడక తల్లి ఇవన్నీ చూసుకోలేక, తగ్గకముందే సంతకం పెట్టి కూతుర్ని తీసుకుపోయింది. తోడు ఉన్నవారికి భోజనం, పడుకోవడానికి మంచం, రోజుకు ఎంతో కొంత భత్యం ఇవ్వకపోతే, మీరు వేయించే పడకలు మధ్యలోనే ఖాళీ అవుతాయి.

జవాబు | విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

పడకలు పెరగడం నాకు సంతోషమే గానీ, ఒక జాగ్రత్త అవసరమనిపిస్తోంది. మార్కులు తగ్గినా, ప్రేమ వ్యవహారం బయటపడినా, ఎదురు మాట్లాడినా చేర్పించేయమనే తల్లిదండ్రులను, కార్పొరేట్ హాస్టళ్ల వారిని నేను చూశాను. అబ్బాయిలను డీ అడిక్షన్ సెంటర్ల పేరుతో తాళం వేసి ఉంచే చోట్లు కూడా ఉన్నాయి, వాటిలో రిజిస్ట్రేషన్ ఉన్నవి ఎన్నో అడగండి. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. ముందు దాని సంగతి తేల్చకుండా పడకలు మాత్రమే అడిగితే, హాస్టళ్లు తమ పనిని ఆసుపత్రి మీదికి నెట్టేస్తాయి.

జవాబు | ఒంగోలు అధ్యాపకుడు

అందరికీ కృతజ్ఞతలు. ప్రత్యేక ఆసుపత్రి అన్న అంశం తీసేస్తున్నాం. జిల్లా ఆసుపత్రిలో వేరుచేసిన పడకలు, విషం తాగి వచ్చిన పిల్లలకు డిశ్చార్జికి ముందు మానసిక పరీక్ష, తోడు ఉన్నవారికి భోజనం, భత్యం, కళాశాలల్లో కౌన్సెలర్ల తనిఖీ, ఇవి అడుగుతాం. ఆ అబ్బాయి తల్లిదండ్రులతో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించాను, తెలుగులోనే మాట్లాడారు, మందులు ఆపవద్దని, దగ్గరలోని వైద్య కళాశాలకు మరోసారి వెళ్లమని చెప్పారు. డాక్టరు గారూ, ఒక్క సందేహం. మా హాస్టలు పిల్లల తల్లిదండ్రులు కొందరు వలస పనులకు దూర రాష్ట్రాల్లో ఉంటారు. అత్యవసరమైతే వార్డెన్ సంతకం చాలుతుందా?

జవాబు | వైద్య కళాశాల ఉద్యోగి, తెలంగాణ

చాలదు. మైనరు విషయంలో చట్టబద్ధ సంరక్షకులే దరఖాస్తు చేయాలి, చికిత్సకు సమ్మతి కూడా వారే ఇవ్వాలి. అయితే వెంట ఉండే మనిషిని వారు నియమించవచ్చు కనుక, తల్లిదండ్రులు వచ్చి సంతకం చేసి, తిరిగి వెళుతూ అమ్మమ్మనో మేనత్తనో తోడు పెట్టవచ్చు. వారు చేరుకునేలోపు ప్రాణాపాయం ఉంటే ఏ వైద్యుడైనా అత్యవసర చికిత్స ఇవ్వవచ్చు, 94వ సెక్షన్ దానికి 72 గంటల గడువు ఇచ్చింది. కాబట్టి హాస్టలులో చేరేటప్పుడు నింపే ఫారంలో తండ్రి ఫోన్ నంబరుతో పాటు, ఒక్క రోజులో రాగలిగిన మరో బంధువు నంబరు కూడా రాయించుకోండి.