'లేస్ మార్': ఈ 'మార్' మన 'మరి'యా, 'కానీ'యా?

ఉట్రెక్ట్ నుంచి:
నాలుగు రోజులుగా ఒక పంక్తి నన్ను వదలడం లేదు. డచ్ కవి నైహోఫ్ కావ్యం 'ఆవాటర్'లోది. నా నోటికి "కైక్ మార్, ఎర్ స్టాట్ నీట్ వట్ ఎర్ స్టాట్" అని వస్తోంది, కానీ మొదటి మాట 'కైక్' (చూడు) కాదేమో అని అనుమానం. పుస్తకం లైబ్రరీలో తిరిగి ఇచ్చేశాను. అంతకుముందు చదివినవాళ్ళెవరో 'మార్' కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు, ఇప్పుడు నా బుర్రంతా ఆ గీతల దగ్గరే ఆగిపోయింది. దీన్ని తెలుగులో ఎలా అంటారు?

హేగ్ నుంచి:
కైక్ కాదండీ, లేస్. 'చదువు'. దానికి ముందు పంక్తిలో టైప్‌రైటర్ ఏవో పిచ్చిమాటలు తలపోస్తోంది అంటాడు, వెంటనే ఈ పంక్తి, ఆ వెంటనే "ఓ అమ్మా, ఆ బొచ్చుకోటు నువ్విక ఎప్పటికీ తొడుక్కోలేవు" అంటూ సాగుతుంది. పైసా పైసా కూడబెట్టినది ఆ కోటు కోసమే. కాగితం మీద ఉన్నది ఆఫీసు రాత, చదివేవాడికి కనబడేది తల్లి. అందుకే అక్కడ 'చదువు' తప్ప ఇంకో మాట ఇమడదు.

గుంటూరు మాస్టారు:
'మరి' అనండి, తీరిపోతుంది. "చదువు మరి, అక్కడున్నది అక్కడున్నది కాదు." పిల్లాడు సందేహంగా చూస్తుంటే "తిను మరి" అంటామే, అదే కాకువు, గొంతు విరుపు. 'స్టాట్' అంటే 'నిలబడి ఉంది' అని అక్షరాలా రాసేవాళ్ళని చూశాను, అది పొరపాటు. కాగితం మీద ఉన్నదాన్ని మనం "అందులో ఏముంది?" అని అడుగుతాం చూడండి, డచ్చివాళ్ళు ఆ చోట 'నిలబడడం' వాడతారు, అంతే. పైగా మార్, మరి... చెవికి కూడా ఒకటే. చుట్టరికం ఉందేమో అని నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం.

వరంగల్ అక్క:
చుట్టరికం లేదు మాస్టారూ, ఇది మాత్రం ఒప్పుకోను. 'మార్' పుట్టింది పాత డచ్ 'నె వారె' నుంచి, అంటే 'కాకుంటే' అని. అది అరిగీ అరిగీ 'నె'లోని 'న', 'వారె'లోని 'వ' కలిసి 'మ' అయి, 'మార్' మిగిలింది. మీరు 'మరి' దగ్గర ఆగిపోయారు గానీ అసలు విందు 'కానీ'లో ఉంది. మన 'కాని' అవు ధాతువుకి వ్యతిరేక రూపమే కదా, 'కాని పని'లో ఉన్నదే. వాళ్ళదీ 'కాకుంటే' నుంచి వచ్చిన 'కానీ', మనదీ 'కాని' నుంచి వచ్చిన 'కానీ'. ఇంకా చూడండి, "ఊఁ, కానీ" అంటే మొదలుపెట్టు, నేను అడ్డం రాను అని. (ఇది 'కానివ్వు' నుంచి వచ్చిన వేరే కానీ అనేవాళ్ళున్నారు, వాళ్ళతో తర్వాత తేల్చుకుంటా.) డచ్చిలో 'మార్' ఈ రెండు పనులూ చేస్తుంది. మా ఇంటి పక్కావిడ టీ కప్పు నా ముందుకి తోసి "డ్రింక్ మార్" అనేది. అందులో అభ్యంతరమూ లేదు, బలవంతమూ లేదు, తాగు తల్లీ నీదే అన్నట్టు. ఐదేళ్ళు ఆ మాట విన్నాను, దాని బరువు నాకు తెలుసు.

గుంటూరు మాస్టారు:
ఐదేళ్ళు ఉన్నారు, ఒప్పుకుంటాను. అయినా "కానీ, చదువు" అంటే తెలుగు పాఠకుడికి అడ్డు చెప్పినట్టే వినిపిస్తుంది తల్లీ, ముందుకి పొమ్మన్నట్టు వినిపించదు. కాగితం మీద కాకువు ఉండదు.

రాజమండ్రి నుంచి:
మీరంతా అర్థం దగ్గర కొట్టుకుంటున్నారు, చెవి పెట్టట్లేదు. ఈ కావ్యంలో ఒక్కో భాగానికి ఒక్కో అచ్చు. పాత ఫ్రెంచి రోలాండ్ గీతం పద్ధతి అది: పంక్తి చివర అచ్చు కుదిరితే చాలు, హల్లు ఏదైనా సరే. మన ప్రాసకి నూటికి నూరుపాళ్ళు తలకిందులు. మనకి రెండో అక్షరంలో హల్లు కుదరాలి, అచ్చు ఏదైనా ఫర్వాలేదు. ఈ భాగం అచ్చు 'ఆ'. పంక్తి చివర 'ప్రాట్', 'స్టాట్', ఇంకాస్త కిందకి శ్మశానం పేరు మోసే వీధి 'కెర్కోఫ్‌లాన్', అన్నీ ఆ, ఆ, ఆ. పంక్తి మధ్యలో 'మార్' కూడా అదే 'ఆ'. నా లెక్కలో ఆ మాట చెవి కోసమే వచ్చింది. తెలుగులో అక్కడ దీర్ఘం ఉన్న మాట పడాల్సిందే. 'కానీ'లో ఆ దీర్ఘం ఉంది, 'మరి'లో లేదు. మాస్టారికి ఇది రుచించదని తెలుసు.

హేగ్ నుంచి:
కావ్యంలో కథకుడు వెంబడించే గుమాస్తా ఆవాటర్ పేరులోనూ రెండు 'ఆ'లు. 'ఆ' అనే పేరుతో ఇక్కడ చిన్న నదులున్నాయి, పాత మాటలో నీళ్ళు అనే అర్థం. అంటే నీళ్ళు, మళ్ళీ నీళ్ళు.

గుంటూరు మాస్టారు:
అవతార్ అని ఎందుకు అనుకోకూడదు? తోబుట్టువు పోయి తోడు వెతుక్కుంటున్న కథకుడి ముందుకి దిగివచ్చినవాడు. నాకు మొదటిసారి చదివినప్పుడే తోచింది.

వరంగల్ అక్క:
తోచడం వేరు, ఉండడం వేరు మాస్టారూ. నాకైతే నైహోఫ్‌ని తలుచుకుంటే ఆవాటర్ కాదు, ఇంకో పద్యంలోని బొమ్మెల్ వంతెన గుర్తొస్తుంది. వాల్ నది మీద 1933లో కట్టిన వంతెన చూడడానికి వెళ్ళాను అని సాదాసీదాగా మొదలవుతుంది, ఉత్తరం రాసినట్టు. గట్టు మీద గడ్డిలో పడుకుని, టీ తాగేసి, అలా చూస్తుంటే వంతెన కింద నుంచి ఒక పడవ వస్తుంది, ఒక్క స్త్రీ చుక్కాని పట్టుకుని కీర్తన పాడుతుంటుంది. అయ్యో, అది మా అమ్మ అయితే బాగుండును అనుకుంటాడు. వాళ్ళమ్మ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థలో పనిచేసిందట, ఆవాటర్ చివర స్టేషన్లో మాట్లాడే అమ్మాయిదీ సాల్వేషన్ ఆర్మీ యూనిఫారమే. 1934లోనే రెండూ ఒకే పుస్తకంలో వచ్చాయి. తర్వాత 1996లో దాని స్థానంలో కట్టిన వంతెనకి ఈయన పేరే పెట్టారు. ఆ పద్యం పేరులో 'అమ్మ', 'స్త్రీ' అనే రెండు మాటల మధ్య కామా కూడా లేదు, అది మాత్రం ఎవరూ మర్చిపోకండి.

హేగ్ నుంచి:
ఆయన చదువు సంగతి కూడా అందులో కలపండి అక్కా. హేగ్‌లో తాతల నాటి పుస్తక ప్రచురణ ఇంట్లో పుట్టాడు, ముందు న్యాయశాస్త్రం, కవిగా అప్పటికే పేరొచ్చాక 1930లలో ఉట్రెక్ట్ వెళ్ళి డచ్ భాషా సాహిత్యాలు విద్యార్థిగా కూర్చుని చదివాడు. 'మార్' లాంటి ఒక్క మాటకి ఇంత పనిపెట్టేవాడు అలాంటి చదువు కోసం నలభై దగ్గర పడుతుంటే బెంచీ మీద కూర్చోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

ఉట్రెక్ట్ నుంచి:
అయితే మా ఊళ్ళోనే! ఆ పెన్సిల్ గీతల పుస్తకం కోసం రేపు మళ్ళీ వెళ్తాను. లేస్ అని రాసుకున్నాను, అక్కడివరకూ నిశ్చింత. తెలుగు మాత్రం ఇంకా ఎటూ తేలలేదు, "చదువు మరి" అంటే మాస్టారి గొంతు, "కానీ, చదువు" అంటే అక్క గొంతు వినిపిస్తోంది.

రాజమండ్రి నుంచి:
ఇంతకీ 'ఎర్' సంగతి ఒక్కరూ అడగలేదు. రెండుసార్లు వచ్చింది. రెండింటినీ 'అక్కడ' అనే చేస్తున్నారు. నాకు అది 'అక్కడ' కాదనిపిస్తోంది, అసలు అనువాదంలో ఎగిరిపోవాల్సిన మాట అది. "చదువు మరి, ఉన్నది ఉన్నది కాదు."

గుంటూరు మాస్టారు:
'మరి' ఉంచారు. సంతోషం.