గల్ఫ్ వెళ్ళే మహిళలకు 30 ఏళ్ళ నిబంధన: ఉంచాలా, ఎత్తివేయాలా?

చర్చాంశం: పదో తరగతి పూర్తి కాని మహిళ ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధన.

రాజోలు ఉపాధ్యాయురాలు:
ఇది కొనసాగాలని నా అభిప్రాయం. తల్లి కువైట్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు మా బడిలో ఏటా చేరుతూనే ఉన్నారు. కర్మాగారంలో పనిచేసేవారికి పక్కన పదిమంది ఉంటారు. ఇంటిపనికి వెళ్ళిన అమ్మాయి భాష తెలియని చోట, నాలుగు గోడల మధ్య, ఒక్క కుటుంబం దయమీద బతకాలి. ఆమెకు కనీసం లోకానుభవమైనా తోడుండాలి.

మలికిపురం వాసి:
టీచర్ గారూ, మీ ఆవేదన సబబైనదే. అయితే ఈ నిబంధన వల్ల ప్రయాణం ఆగడం లేదు, దారి మాత్రమే మారుతోంది. మా పిన్ని 27వ ఏట ఒక ఏజెంటుకు వడ్డీకి తెచ్చిన సొమ్ము కట్టి, విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్ళి, అక్కడినుంచి మస్కట్ చేరింది. అలా వెళ్ళినందువల్ల విదేశాల్లో పనికి వెళ్ళేవారి కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ నమోదులో ఆమె పేరు లేదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రావలసిన 10 లక్షల రూపాయల ప్రమాద బీమా లేదు, జీతం ఆగిన నాడు చూపడానికి ఒప్పంద పత్రమూ లేదు.

మనం ఒక్కరమే షరతులు పెడితే ఏమవుతుందో ఇదివరకే చూశాం. ఒక్కో పనిమనిషికి 2,500 డాలర్ల బ్యాంకు హామీ ఇవ్వాలని మన ప్రభుత్వం యజమానులను కోరినప్పుడు కువైట్ ఒప్పుకోలేదు. చివరికి 2017లో మనమే ఆ షరతు వదులుకున్నాం. అదే కువైట్ 2015లో తన సొంత చట్టంతో ఇంటిపనివారికి వారానికొక సెలవును, రోజుకు 12 గంటల పని పరిమితిని నిర్ణయించింది. 2021లో ఇరు దేశాలూ ఇంటిపనివారి నియామకంపై అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. రక్షణ అటువైపు చట్టంలో ఉండాలి గాని ఇటువైపు వయసులో కాదు.

పాలకొల్లు రైతు:
రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం 2023-24లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ము సుమారు 118.7 బిలియన్ డాలర్లు. అందులో గల్ఫ్ దేశాల వాటా 38 శాతం దాకా ఉంది. ఆ దేశాలకు మన శ్రమ కావాలి, మనకు వారి దీనార్లు కావాలి కనుక, గట్టిగా బేరమాడే స్థానంలోనే ఉన్నాం.

రాజోలు ఉపాధ్యాయురాలు:
చట్టం రాసుకున్నంత మాత్రాన మూసిన తలుపు వెనక తనిఖీ జరగదు గదా. వయోపరిమితి ఎత్తివేసేముందు ప్రతి గ్రామ సచివాలయంలోనూ వెళ్ళేవారి పేరు, యజమాని చిరునామా, ఒప్పందం నకలు నమోదు చేసే ఏర్పాటు జరిగితే, అప్పుడు మీతో నేనూ ఏకీభవిస్తాను.