అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రైళ్లు కూలబడింది ఇనుము లేకా, పెత్తనం చేసేవాడు లేకా?

గూడ్స్‌బండి:
వారం నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది, అడిగేస్తున్నా. 1861-65 అమెరికా అంతర్యుద్ధం మాటొస్తే చాలు అందరూ ఒకటే లెక్క చెప్తారు, ఉత్తరాదికి సుమారు 21 వేల మైళ్ల రైలు దారి, దక్షిణాదికి 9 వేలు, ఇంకేం మిగిలింది మాట్లాడ్డానికి అని. నాకిది మింగుడు పడట్లేదు. ఆ 9 వేల మైళ్లయినా ఒక చేతి కింద నడిపారా? లింకన్ 1862 జనవరిలోనే రైళ్లు స్వాధీనం చేసుకునే చట్టం చేయించుకున్నాడు, ఫిబ్రవరిలో ఈరీ రైల్‌రోడ్‌ నడిపిన డేనియల్ మెక్‌కల్లమ్‌ని తెచ్చి మిలిటరీ రైళ్లు అప్పజెప్పాడు. దక్షిణాది ప్రెసిడెంట్ జెఫర్సన్ డేవిస్ వైపు అలాంటి చట్టం రావడానికి 1863 మే అయింది, వచ్చాక కూడా గట్టిగా వాడలేదు. విలియం వాడ్లీ అని పని తెలిసిన రైల్వే మనిషిని 1862 డిసెంబర్లో పెట్టారు గానీ ఆయన కంపెనీల్ని బతిమాలుకోవాల్సిందే తప్ప ఆర్డర్ వెయ్యలేడు, చివరికి సెనేట్ ఆయన నియామకాన్నే ఒప్పుకోలేదు. ప్రతి కంపెనీకీ ఒకటే భయం, మన వ్యాగన్ పక్క లైన్లోకి వెళ్తే మళ్లీ మన మొహం చూడదని. అందుకే హద్దు దగ్గర సరుకు దించడం, అవతలి బండికి మళ్లీ ఎక్కించడం. వాళ్లని ముంచింది ఇదే అంటాను నేను.

సీమబిడ్డ:
అన్నా, ఆర్డర్లేస్తే పట్టాలు పుడతాయా? యుద్ధం మొదలయ్యాక దక్షిణాదిలో కొత్త పట్టాల తయారీ దాదాపు ఆగిపోయింది, దక్షిణాది రాజధాని రిచ్మండ్‌లో ఉన్న పెద్ద ఇనుప కార్ఖానా ట్రెడెగర్ మొత్తం ఫిరంగులకీ యుద్ధ ఓడల మీద వేసే ఇనుప రేకులకీ పోయింది. రేవుల చుట్టూ ఉత్తరాది నేవీ దిగ్బంధం పెట్టింది కాబట్టి బయట్నుంచి పట్టాలు తెచ్చుకోవడమూ దాదాపు కుదర్లేదు. 1863లో ఏకంగా ఒక కమిషన్ వేసి అంత ముఖ్యం కాని లైన్ల పట్టాలు పీకి మెయిన్ లైన్లకి వేసుకున్నారు. ఇంటి వాసాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు. అరిగిన పట్టా మీద డ్రైవరు స్పీడు తగ్గించాలి, స్పీడు తగ్గితే రోజుకి తిరిగే బళ్లు తగ్గుతాయి. మెక్‌కల్లమ్‌ని పట్టుకెళ్లి రిచ్మండ్‌లో కూర్చోబెట్టినా చేసేదేముంది చెప్పు.

పాత గార్డు:
నేను గూడ్స్ బళ్ల మీద చాలా ఏళ్లు చేసినవాణ్ణి, నా మాట కూడా వినండి. బయటవాళ్లు పట్టాలెన్ని, ఇంజన్లెన్ని అని లెక్కేస్తారు, మేం చూసేది వ్యాగన్ ఎన్ని రోజులకి ఖాళీ అయి తిరిగొచ్చింది అని. నా సర్వీసులో ఒక గూడ్స్ షెడ్డులో సరుకు దించుకోకుండా వ్యాగన్లనే గోడౌన్‌లా వాడుకునేవాళ్లు, డెమరేజ్, అంటే ఆలస్యానికి జరిమానా, వేసినా కదిలేవాళ్లు కాదు, వెనకాల లైన్లన్నీ బిగుసుకుపోయేవి. వర్జీనియాలో ఉత్తరాది మిలిటరీ రైళ్లు నడిపిన హెర్మన్ హాప్ట్‌కి అచ్చంగా ఇదే తలనొప్పి, కాకపోతే అక్కడ సరుకు దించనిది సైన్యం. 1862 ఆగస్టులో, అవతల రెండో బుల్ రన్ యుద్ధం ముంచుకొస్తుంటే, స్టర్జిస్ అనే ఉత్తరాది జనరల్ తన దళాన్ని ముందు పంపాలని అలెగ్జాండ్రియా దగ్గర లైనే ఆపేశాడు. హాప్ట్ నేరుగా పైకి టెలిగ్రాం కొడితే ఉత్తరాది సర్వసేనాని హాలెక్ ఈయన పక్షానే నిలబడ్డాడు. ఆ ఏడాది చివర్లో రైళ్ల నడకలో వేలుపెట్టే ఆఫీసర్ ఉద్యోగం పోతుందని ఆర్డరే వచ్చింది.
ఇంక 1863 జులై, గెటిస్‌బర్గ్ యుద్ధం. ఉత్తరాది సైన్యానికి సప్లై అంతా వెస్టర్న్ మేరీలాండ్ అనే సింగిల్ లైన్ మీద. ఎదురుబళ్లు తప్పుకోవడానికి సరైన సైడింగులు, అంటే పక్క లైన్లు, లేవు, టెలిగ్రాఫ్ లేదు, ఇంజన్లకి నీళ్లు లేవు. మామూలుగా రోజుకి నాలుగు బళ్లు కూడా కష్టమైన దారి. హాప్ట్ ఐదేసి బళ్లు వరసగా వదిలి, అవి దింపుకుని మొత్తం తిరిగొచ్చాకే ఇంకో ఐదు వదిలాడు, ఇంజన్లకి ఏట్లో నీళ్లు బకెట్లతో తోడి పోశారు. రోజుకి 1500 టన్నులు వెళ్లేలా చేశాడు, వచ్చేటప్పుడు అవే వ్యాగన్లలో గాయపడ్డవాళ్లు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, దాచుకోను.

సీమబిడ్డ:
మాస్టారూ, మీ అనుభవానికి దండం. కానీ ఆ బకెట్లు, వాటితో పాటు కట్టెలు, లాంతర్లు, వందలమంది పనివాళ్లు స్పెషల్ బండెక్కి దిగారంటే వెనక అవన్నీ ఉన్నాయి కాబట్టే కదా. యుద్ధం అయిపోయేసరికి మెక్‌కల్లమ్ కింద 2,105 మైళ్లు, 419 ఇంజన్లు, 6,330 బోగీలు. 1864లో ఉత్తరాది జనరల్ షెర్మన్ అట్లాంటా మీదకి వెళ్లినప్పుడు లక్ష మందికీ 35 వేల జంతువులకీ లూయీవిల్ నుంచి 473 మైళ్ల సింగిల్ లైన్ మీదే తిండి వచ్చింది. అదే గుర్రబ్బళ్ల మీదైతే ఆరేసి కంచరగాడిదలు లాగే బళ్లు 36,800 కావాలని షెర్మనే తర్వాత లెక్క రాశాడు. చట్టం ఉంది సరే, ఇంజన్ల కార్ఖానాలు కూడా ఉన్నాయిగా.

నల్లరేగడి:
ఇద్దరూ బాగా వాదిస్తున్నారు గానీ ఆ పట్టాల మీద చెమట ఎవరిదో ఒక్కరూ అనలేదు. దక్షిణాది రైలు కంపెనీలు పని చేయించుకుంది బానిసలతో, కొందర్ని కొని, ఎక్కువమందిని యజమానుల దగ్గర అద్దెకి తెచ్చి. యుద్ధం దగ్గరికొచ్చే కొద్దీ ఆ యజమానులు మనుషుల్ని పంపడానికి వెనకాడారు, ఎందుకంటే ఉత్తరాది సైన్యం కనిపిస్తే వాళ్లు ఆగరు, అటు పారిపోతారు. పారిపోయినవాళ్లలో ఎంతోమంది హాప్ట్, మెక్‌కల్లమ్‌ల కన్‌స్ట్రక్షన్ కోర్‌లో, అంటే రైలు దారులు కట్టే దళంలో, కూలి తీసుకుని వంతెనలు కట్టారు, పట్టాలేశారు. అంటే ఇక్కడ తగ్గిన చెయ్యే అక్కడ పెరిగింది. దీన్ని ఇనుము లెక్కలో వేస్తారా, పాలన లెక్కలో వేస్తారా? నా దృష్టిలో రెండిట్లోనూ పట్టదు, ఆ మనుషులు తమంతట తాము తీసుకున్న నిర్ణయం అది. మ్యాపులు ముందేసుకుని మాట్లాడేటప్పుడు మనం వాళ్లని మర్చిపోతే నాకు బాధేస్తుంది.

గూడ్స్‌బండి:
నల్లరేగడి గారూ, నిజమే, నేను ఆ వైపు ఆలోచించనేలేదు. తప్పు నాదే.
సీమబిడ్డా, ఇనుము కరువు లేదని నేనూ అనను. కానీ 1863 సెప్టెంబర్ చూడు. దక్షిణాది జనరల్ లాంగ్‌స్ట్రీట్ సైన్యం వర్జీనియా నుంచి జార్జియాలో చికమాగా యుద్ధానికి బయల్దేరింది, దగ్గరి దారిలో ఉన్న నాక్స్‌విల్ చేజారిపోయింది కాబట్టి కరోలినాలు చుట్టి దాదాపు 900 మైళ్లు తిరగాల్సొచ్చింది, యుద్ధం టైముకి సగం మందే అందారు, ఫిరంగులైతే అంతా అయ్యాక చేరాయి. అదే నెలాఖర్లో ఉత్తరాది రెండు కోర్‌లని, అంటే రెండు పెద్ద సైనిక దళాల్ని, 20 వేలు దాటిన సైన్యాన్ని, 1,200 మైళ్లు తిప్పి రెండు వారాల్లోపే అలబామాలో బ్రిడ్జిపోర్ట్‌కి చేర్చింది. వాళ్లకీ దారంతా సాఫీగా ఏం లేదు, ఒహాయో నది దాటాలి, ఇండియానాపొలిస్‌లో దిగి నడిచి ఇంకో బండెక్కాలి. కానీ ఉత్తరాది యుద్ధ మంత్రి స్టాంటన్ రాత్రికి రాత్రే కంపెనీల పెద్దల్ని పిలిచి ఏ బండి ఎక్కడుండాలో పంచేశాడు. ఆ పిలుపు రిచ్మండ్ నుంచి ఎందుకు రాలేదనేదే నా ప్రశ్న.

సీమబిడ్డ:
రిచ్మండ్ నుంచి పిలుపు వచ్చినా షార్లెట్ దగ్గర ఏం చేసేవాళ్లు అన్నా? నార్త్ కరోలినా లైన్లో పట్టాల మధ్య వెడల్పు, అంటే గేజ్, 4 అడుగుల 8న్నర అంగుళాలు, షార్లెట్ దాటితే 5 అడుగులు. మన దగ్గర మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ కలిసే చోట హమాలీలు బస్తాలు మార్చేవాళ్లు గుర్తుందా, అదే కథ. విల్మింగ్టన్‌లో అయితే మధ్యలో నది, దాని మీద వంతెన లేదు, పడవే గతి. ఉన్న పట్టాలే పీక్కుంటున్నవాళ్లు అదంతా మార్చడానికి ఇనుము ఎక్కడ తెస్తారు?

పాత గార్డు:
గేజ్ మార్చక్కర్లేదు బాబూ. షార్లెట్‌లో అవతలి వైపు ఖాళీ వ్యాగన్లు టైముకి సిద్ధంగా పెట్టే అధికారం ఒక మనిషికి ఇస్తే చాలు. మీటర్ గేజ్ రోజుల్లో మేం నడిపింది అలాగే.