ఎయిర్ అంబులెన్స్ పైలట్లకు ఒక ప్రశ్న: మధ్యలో వెనక్కి తిరగాల్సి వస్తే మనసును ఎలా పట్టుకుంటారు?

నమస్కారం. హెలికాప్టర్ మీద 1,600 గంటలు ఎగిరాను, చాలావరకు పగటిపూటే. ఇప్పుడు ఎయిర్ అంబులెన్స్ శిక్షణలో ఉన్నాను, వచ్చే నెల నుంచి డ్యూటీ. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఉంది, నైట్ విజన్ గాగుల్స్ కూడా అలవాటవుతున్నాయి. నా టెన్షన్ వాటి గురించి కాదు.

పోయిన వారం రాత్రి వెళ్తుంటే, ఎదురుగా కనిపిస్తున్న దీపాలు ఒక్కొక్కటే మసకబారి మాయమయ్యాయి. ఉష్ణోగ్రతకు, డ్యూ పాయింట్‌కు (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రతకు) తేడా అప్పటికి ఒక్క డిగ్రీయే. పొగమంచు కమ్ముతోందని అర్థమై వెంటనే వెనక్కి తిప్పేశాను. స్ట్రెచర్ ఖాళీగా ఉంది. దాని మీద ఓ పసిబిడ్డ ఉండి ఉంటే అంత తొందరగా తిప్పేవాడినా? ఈ ఆలోచన నన్ను వదలడం లేదు.

వాతావరణం చూసి నిర్ణయం తీసుకునేదాకా పేషెంట్ వివరాలు పైలట్‌కు చెప్పని పద్ధతి చాలాచోట్ల ఉంది. మంచి పద్ధతే. కానీ పేషెంట్‌ని ఎక్కించుకున్నాక డాక్టర్ గొంతులోని కంగారు హెడ్‌సెట్‌లో వినపడుతుంది కదా! అప్పుడు ఇంటర్‌కామ్ వేరు చేసుకుంటారా? సిబ్బందిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆగిపోవాలనే నియమం అర్ధరాత్రి నిజంగా నిలబడుతుందా? వెళ్లలేకపోయిన రాత్రి మీకు నిద్ర ఎలా పడుతుంది?

ఈ పనిలో ఉన్నవాళ్లు, ఒకప్పుడు చేసినవాళ్లు దయచేసి మీ అనుభవం చెప్పండి.